కాలవ వంతెన కింద స్వాలోలు: గోదావరి డెల్టాలో గూళ్ల కాలాన్ని చూడటం ఎలా

స్వాలో పిట్టల (ఎగురుతూనే గాలిలో పురుగుల్ని పట్టే చిన్న పిట్టలు) గురించి నెట్‌లో వెతికితే ఎక్కువగా యూరప్ వాళ్ల రాతలే దొరుకుతాయి. వసంతం రాగానే స్వాలో దక్షిణం నుంచి తిరిగొస్తుంది, పశువుల కొట్టంలో గూడు కడుతుంది అని అందులో ఉంటుంది. అది నమ్మి మార్చిలో అమలాపురంలోనో భీమవరంలోనో మేడ మీద నిలబడితే, వచ్చే పిట్ట ఒక్కటీ కనబడదు. ఉన్నవి వెళ్లిపోవడం కనబడుతుంది. మన దగ్గర వసంతంలో జరిగేవి రెండు వేరు వేరు పనులు. చలికాలమంతా మన చేల మీద బతికిన వలస స్వాలోలు ఉత్తరానికి ప్రయాణం కడతాయి. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే స్వాలోలు కాలవ వంతెనల కింద మట్టి గూళ్లు మొదలుపెడతాయి. ఈ రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా ఏం చూడాలో, ఎలా చూడాలో వరసగా చెబుతాను.

మొదటి పని: ఏది ఏ పిట్టో తేల్చుకోవడం

కరెంటు తీగల మీద వందల్లో వరసకట్టి కూర్చునేది ఎక్కువగా బార్న్ స్వాలో. వీపు నల్లగా నీలి మెరుపుతో ఉంటుంది. నుదురు, గొంతు ఇటుక రంగు. గొంతు కింద ముదురు పట్టీ, పొట్ట తెలుపు. తోక లోతుగా చీలి, రెండు చివరలూ పొడుగ్గా సాగుతాయి. పిల్లవాటికి ఆ పొడుగు ఉండదు, రంగులు కూడా వెలిసినట్టుంటాయి. ఇది హిమాలయాల్లోనూ, ఇంకా ఉత్తరాన చైనా, రష్యా వైపూ గూడు పెట్టే పిట్ట. డెల్టాలో గూడు కట్టదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జనవరిలో ఇంటి ముందు తీగ మీద చూసిన పిట్టే మేలో వంతెన కింద గూట్లో ఉందనుకుంటారు.

వంతెన కింద ఉండేది చాలాసార్లు వైర్ టెయిల్డ్ స్వాలో. దీన్ని ఇక్కడ తీగతోక పిట్ట అంటాను. నెత్తి మీద ఇటుక రంగు టోపీ, గొంతు నుంచి తోక మొదలు దాకా మచ్చలేని తెలుపు. గొంతు తెల్లగా ఉంటే అది బార్న్ స్వాలో కాదు, ఈ ఒక్క గుర్తు చాలు. తోక నుంచి రెండు సన్నటి తీగలు వెనక్కి సాగుతాయి. ఎగిరేటప్పుడు ఆకాశం వెలుగులో అవి కనబడకపోవచ్చు. వంతెన రెయిలింగు మీద కూర్చున్నప్పుడు చూడాలి. మగదానికి తీగలు పొడుగు, ఆడదానికి పొట్టి. ఈ తేడా తర్వాత బాగా పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి. నీళ్లు లేని చోట ఈ పిట్ట ఉండదు. గుంపులు కట్టదు, జంటగా తిరుగుతుంది.

మూడోది రెడ్ రంప్డ్ స్వాలో. నడుము మీద ఇటుక రంగు పట్టీ, పొట్ట మీద సన్నటి గీతలు. దీని గూడు మాత్రం అన్నిటికన్నా అందం: కప్పుకి తలకిందులుగా అతికించిన కూజాలా, పక్కకి సాగిన గొట్టం మూతితో ఉంటుంది. పాత మేడల వరండాల్లో, పెద్ద కల్వర్టుల కప్పుకి కడుతుంది. నాలుగోది స్ట్రీక్ త్రోటెడ్ స్వాలో. చిన్నది, తోక దాదాపు సాపుగా ఉంటుంది, గొంతంతా గీతలు. దీనికి ఒంటరితనం పడదు. వంతెన కమానుల కింద ఒకదానికొకటి అంటించి గూళ్ల గుత్తులు కడుతుంది. డెల్టాలో దీన్ని చూడాలంటే చిన్న కల్వర్టుల కన్నా నదిపాయల మీది పెద్ద వంతెనలు నయం.

స్వాలోల్లా ఎగిరే వేరే పిట్టలు స్విఫ్టులు, వాటితో గందరగోళం మరోటి. తాటితోపుల మీద కొడవలిలాంటి రెక్కలతో గిరగిరా తిరిగేది పామ్ స్విఫ్ట్. అది గూడు తాటాకు లోపలి మడతకే అతికిస్తుంది. పాత గుడుల మీద, మేడల చూరుల్లో గోలగోలగా తిరిగే తెల్లనడుము పిట్ట హౌస్ స్విఫ్ట్. సులువైన పరీక్ష ఒకటుంది: స్విఫ్టు తీగ మీద కూర్చోదు. దాని కాళ్లు గోడను పట్టుకుని వేలాడటానికే తప్ప కొమ్మ మీద నిలబడటానికి కావు. తీగ మీద కూర్చుందంటే స్విఫ్ట్ కాదు. అయితే తీగ మీద ఒకదానికొకటి ఒరుసుకుని, బొద్దుగా, బూడిద రంగులో కూర్చున్నవి ఆషీ వుడ్ స్వాలోలు. తాడిచెట్లున్న చోటల్లా కనిపిస్తాయి. పేరులో స్వాలో ఉన్నా అవి వేరే కుటుంబం.

రెండో పని: చోటు ఎంచుకోవడం

మట్టిగూడు కట్టే పిట్టకి కావలసింది వాన తగలని నిట్టనిలువు గోడ, కింద నీళ్లు, దగ్గర్లో తడిమట్టి, ఎదురుగా ఎగరడానికి ఖాళీ. కొండ ప్రాంతంలో ఇది రాతి చరియ. డెల్టాలో చరియలెక్కడివి? ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని వెంట తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో కాలవలు, వాటి మీద వంతెనలు, లాకులు, తూములు పుట్టుకొచ్చాయి. మన తీగతోక పిట్టలకి చరియల లోటు తీర్చింది అవేనని నా అభిప్రాయం.

కాబట్టి గోదావరి గట్టు కాదు, మీ ఊరి కాలవ చూడండి. ఫిబ్రవరిలో ఓ రోజు సైకిలు మీదో బండి మీదో కాలవ గట్టున ఆరేడు కిలోమీటర్లు వెళ్లి, దారిలో ఉన్న ప్రతి వంతెన దగ్గరా ఆగండి. వెతకాల్సింది పిట్టని కాదు, ఆనవాళ్లని. స్లాబు కింద దూలానికీ గోడకీ మధ్య మూలలో అరచేయంత అర్ధచంద్రాకారం మట్టి మరక ఉంటే అది పోయినేటి గూడు ఊడిన గుర్తు. దాని కింద గోడ మీద, గట్టుకి పరిచిన పిచ్చింగు రాళ్ల మీద తెల్లటి రెట్ట చారలుంటే ఇంకా నమ్మకం. పాత గూడు నిలిచే ఉంటే మరీ మంచిది, తీగతోక పిట్టలు దాన్నే బాగుచేసుకుని మళ్లీ వాడతాయి.

ఎంచుకునేటప్పుడు నేను ఇంకో మూడు సంగతులు చూస్తాను. ఎదుటి గట్టు నుంచి వంతెన కిందకి చూపు ఆనాలి. ఉదయం ఎండ నా వీపు మీద పడాలి. రేవులో బట్టలుతికే వాళ్లు, గేదెలు కడిగే వాళ్లు ఉండాలి. మూడోది వింతగా అనిపించొచ్చు. కానీ మనుషుల అలికిడికి అలవాటు పడ్డ జంట మనల్ని లెక్కచేయదు. మనిషి రాని తూము దగ్గర పిట్ట అరుస్తూ నెత్తి మీద చక్కర్లు కొడుతుంది, గూటికి వెళ్లదు.

పెద్ద కట్టడాలు చూడాలనుంటే పి.గన్నవరం అక్విడక్టు మంచి చోటు. వైనతేయ పాయ మీదుగా కాలవని దాటించే కట్టడం అది. కింద నీళ్లు, మీద నీళ్లు, మధ్యలో కమానులు, స్వాలోకి ఇంకేం కావాలి? రాజమండ్రి హేవలాక్ వంతెన, దిండి దగ్గర చించినాడ వంతెన లాంటివి గట్టు మీద నుంచే చూడాలి. రైలు వంతెన మీదకి పిట్టల కోసం ఎక్కే పని పెట్టుకోకండి.

మూడో పని: వెళ్లిపోయేవాటిని లెక్కపెట్టడం

ఇది తేలిక, ఇంటి ముందే చేయొచ్చు. మీ వీధిలో రెండు కరెంటు స్తంభాల మధ్య ఉన్న తీగలను మీ లెక్కల చోటుగా పెట్టుకోండి. వారానికి రెండుసార్లు, ఒకే సమయంలో, పొద్దున్నే ఏడు లోపు లెక్కపెట్టండి. గుంపు పెద్దదైతే పదేసి చొప్పున కళ్లతో విడదీసి లెక్కించాలి. ఫిబ్రవరిలో తోకలు కూడా గమనించండి. బార్న్ స్వాలోలు ఈకలు మార్చుకునేది చలికాలంలో, అంటే మన దగ్గరున్నప్పుడే. జనవరిలో మొండితోకలతో చిరిగినట్టు కనిపించినవి మార్చికల్లా పొడుగు తోకలతో పెళ్లికొడుకుల్లా తయారవుతాయి. వెళ్లే దగ్గర జత కట్టాలి మరి.

ఉగాది దాటాక లెక్క వేగంగా పడిపోతుంది. ఏప్రిల్ చివరికి ఒకటీ అరా మిగలొచ్చు. ఆఖరుసారి చూసిన తేదీ రాసుకోవడం కష్టం, ఎందుకంటే ఇదే ఆఖరని ఆ రోజు మనకి తెలీదు. అందుకే చూసిన రోజులతోపాటు చూడని రోజులు కూడా రాయాలి. సున్నా కూడా లెక్కే.

నాలుగో పని: మట్టి మోసే రోజులు పట్టుకోవడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇదే. దీన్ని చూడటానికి వంతెన దగ్గర కాదు, మట్టి దగ్గర కూర్చోవాలి.

తీగతోక పిట్టలు ఫిబ్రవరి నుంచి మే దాకా ఒక దఫా, వానలు పడ్డాక ఇంకో దఫా గూడు పెడతాయి. రెడ్ రంప్డ్ స్వాలోలకి ఏప్రిల్ నుంచి ఆగస్టు కాలం. ఇక్కడ డెల్టాకే ప్రత్యేకమైన చిక్కొకటుంది. దాళ్వా వరి (రబీ పంట) ఒబ్బిడి కాగానే ఏప్రిల్‌లో కాలవకి నీళ్లు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. కట్టేసిన మొదటి వారం పది రోజులు పిట్టలకి పండగ. కాలవ అడుగంతా బురదే. తర్వాత అది నెర్రెలిచ్చి గట్టిపడిపోతుంది. అప్పుడు అవి చేపల చెరువు అంచులకీ, కుళాయి కింద తడికీ, బోరు నీళ్లు పారే బోదెలకీ మళ్లుతాయి. ఏప్రిల్ మూడో వారంలో మీ వంతెనకి పావు కిలోమీటరు లోపల తడిమట్టి ఎక్కడుందో కనిపెడితే పిట్ట అక్కడ దొరుకుతుంది.

పొద్దున ఆరున్నర, తొమ్మిది మధ్య వెళ్లండి. ఇరవై అడుగుల దూరంలో నేల మీద కూర్చుని కదలకుండా ఉంటే చాలు. పిట్ట వాలేటప్పుడు చూడండి: కాళ్లు మాత్రమే మట్టికి ఆనిస్తుంది. రెక్కలు పైకెత్తి, తోక నిలబెట్టి, ఒంటికి బురద అంటకుండా, పట్టుచీరతో చేలో దిగినావిడలా నాజూగ్గా నిలబడుతుంది. రెండు మూడు సార్లు ముక్కుతో పొడిచి, నచ్చకపోతే ఓ అడుగు పక్కకి జరుగుతుంది. మరీ నీళ్లమట్టి పనికిరాదు, ఇసుక కలిసింది పట్టు ఉండదు. నచ్చిన చోట చిన్న ముద్ద తీసి నోట్లో పెట్టుకుని లేస్తుంది. అప్పుడప్పుడు ఓ గడ్డిపరక కూడా కలిపి పట్టుకెళ్తుంది.

గూటి దగ్గర ఆ ముద్దని అంచు మీద పెట్టి, గడ్డం కింద వణికిస్తూ అదుముతుంది. ఆ వణుకుకి మట్టిలో తడి కదిలి కింది వరసతో కలుస్తుంది. ముద్దలు పూర్తయ్యాక కూడా విడివిడిగా, గోరుతో నొక్కినట్టు వరసలుగా కనిపిస్తాయి. కొత్త వరస నల్లగా, ఎండినది తెల్లగా ఉంటుంది. బైనాక్యులర్‌తో చూస్తే ఆ రోజు ఎంత పని జరిగిందో రంగు చెప్పేస్తుంది. పొద్దునే కాస్త కట్టి, మిగతా రోజంతా ఎండనిస్తాయి. తొందరపడి ఒకే రోజు ఎక్కువ పెడితే బరువుకి జారిపోతుంది. ఒక గూడుకి వందల ముద్దలు కావాలి, అందుకే వారం నుంచి రెండు వారాలు పడుతుంది.

మీ పెరట్లో, వరండాలో స్వాలో తిరుగుతోందంటే సాయం చేయడం సులువు. ఎండాకాలంలో ఓ మూల బారెడు చోటు రోజూ రెండు చెంబుల నీళ్లు పోసి తడిగా ఉంచండి. రేగడి మట్టయితే మంచిది.

అయిదో పని: గూట్లో ఏం జరుగుతోందో గూడు ముట్టకుండా తెలుసుకోవడం

కర్రకి అద్దం కట్టి గూట్లోకి చూడమని కొందరు చెబుతారు. వద్దు. ఆ అవసరం కూడా లేదు. బయటి నుంచే అన్నీ తెలుస్తాయి.

గూడు పూర్తయ్యాక లోపల ఈకలు పరుస్తాయి. ఎగిరే పిట్ట నోట్లో కోడీక కనబడితే గుడ్లకి రోజులు దగ్గరపడ్డట్టే. గుడ్డు రోజుకి ఒకటి చొప్పున, మూడు నుంచి అయిదు దాకా పెడుతుంది. తీగతోక పిట్టల్లో పొదిగేది ఆడదే. మగది దగ్గర్లో రెయిలింగు మీదో తీగ మీదో కాపలా. గూటి అంచు మీంచి బయటికి పొడుచుకొచ్చిన తోక తీగలు పొట్టివా పొడుగువా చూడండి. ఆడది పది, పదిహేను నిమిషాలు కూర్చుని, కాసేపు మేతకి వెళ్లొస్తుంది. ఈ రాకపోకలు రెండు రోజులు వరసగా కనబడితే పొదుగు మొదలైంది. రెండు వారాలకి కాస్త అటూ ఇటూగా పిల్లలు బయటపడతాయి.

ఆ రోజు ఎలా తెలుస్తుందంటే, కింద సగం పెంకులు పడి ఉండొచ్చు. నమ్మకమైన గుర్తు మాత్రం వేరే: ఇప్పటిదాకా వెళ్లి కూర్చునే పిట్ట ఇప్పుడు వెళ్లి, వంగి, వెంటనే వచ్చేస్తుంది. రెండూ మేత తెస్తాయి. నాలుగైదు రోజులయ్యాక ఒక పిట్ట గూటి నుంచి తెల్లటి గోలీ లాంటిది నోట కరచుకుని ఎగిరి, నీళ్ల మీద వదిలేస్తుంది. అది పిల్లల రెట్ట, పల్చటి పొరలో మూటకట్టినట్టు వస్తుంది. గూడు శుభ్రంగా ఉంచే పద్ధతి అది. పిల్లలు పెద్దవయ్యాక అవే వెనక్కి తిరిగి అంచు మీంచి వేస్తాయి. అప్పుడు కింద రాళ్ల మీద కొత్త చారలు మొదలవుతాయి. అంచు మీద పసుపు నోళ్లు వరసగా కనిపించేది కూడా ఈ రోజుల్లోనే.

చూసేటప్పుడు ఓ లెక్క పెట్టుకోండి. పావుగంటలో ఎన్నిసార్లు మేత తెచ్చాయి? పొద్దున, మిట్ట మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు లెక్కేస్తే రోహిణి కార్తె ఎండలో పిట్ట ఎప్పుడు తగ్గుతుందో, ఎప్పుడు పుంజుకుంటుందో మీ కళ్లకే తెలుస్తుంది. పిల్లలు పుట్టాక రెండున్నర, మూడు వారాలకి ఎగురుతాయి. ఎగిరాక కూడా కొన్నాళ్లు తల్లిదండ్రులే మేపుతాయి. తీగ మీద వరసగా కూర్చున్న పిల్లలకి ఎగురుతూనే నోట్లో పెట్టి పోతుంటాయి. ఫోటోకి ఇంతకన్నా మంచి అదను లేదు. గూటి మీద ఫ్లాష్ వేసి, పిట్టని బెదరగొట్టి తీసిన ఫోటో ఎంత బాగున్నా నాకు నచ్చదు.

సామాను, జాగ్రత్తలు

8x42 బైనాక్యులర్ ఒకటి, నోటుబుక్కు, టోపీ, నీళ్ల సీసా. అంతే. పిట్ట పేరు తేలకపోతే ఫోన్లో మెర్లిన్ యాప్ సాయపడుతుంది. చూసినవి ఈబర్డ్ (పిట్టల లెక్కలు రాసే వెబ్‌సైటు)లో ఎక్కిస్తే అందరికీ పనికొస్తాయి. రెండూ ఉచితమే.

పిచ్చింగు రాళ్ల సందుల్లో పాములుంటాయి. వంతెన కిందకి దిగే ముందు కర్రతో తట్టండి. కాలవ కట్టేశాక అడుగు గట్టిగా కనబడినా పైపొరే ఎండి ఉంటుంది, మోకాలి లోతు దిగబడొచ్చు. వంతెన మీద నిలబడి కిందకి వంగి చూడకండి, వెనక నుంచి ధాన్యం లారీలు వస్తుంటాయి. ఇక "ఏం చూత్తన్నారండీ, సర్వే వాళ్లా?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. బైనాక్యులర్ వాళ్ల చేతికిచ్చి గూడు చూపించండి. మర్నాటి నుంచి ఆ గూటికి ఊరంతా కాపలా.

కాలవ మరమ్మతుల టెన్షన్

డెల్టాలో గూళ్లకి పెద్ద గండం గద్ద కాదు, కాకి కాదు, వేసవి పనులు. కాలవ కట్టేసిన ఆ నెలన్నరలోనే వంతెనల మరమ్మతులు, గోడలకి ప్లాస్టరింగు, తూముల పనులు జరుగుతాయి. పిల్లలు గూట్లో ఉండే కాలమూ అదే. అందుకే మార్చిలోనే మీ కాలవ లస్కరుని (కాలవ నీళ్లు చూసుకునే ఉద్యోగిని) కలిసి, ఈ ఏడు ఏ వంతెనకి పని ఉందో కనుక్కోండి. అతనికి తెలియని సంగతి ఉండదు. పని ఉందంటే మేస్త్రీతో మాట్లాడండి. "గూడు ఉన్న మూల ఆఖరున చేయండి, మూడు వారాల్లో ఎగిరిపోతాయి" అని తేదీ చెప్పి అడిగితే చాలామంది సరేనంటారు. ఉత్తినే పిట్టల్ని కాపాడండి అంటే నవ్వి ఊరుకుంటారు. మీ నోటుబుక్కులో పొదుగు మొదలైన తేదీ ఉంటే ఆ లెక్క చెప్పగలరు. దానికి అయిదు వారాలు కలిపితే పిల్లలు ఎగిరే రోజు దాదాపు తేలిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన అర్థంలోనే గుడ్లు పాడుచేయడం, గూళ్లని కదిలించడం కూడా ఉన్నాయి. అది చెప్పడం ఆఖరి అస్త్రం, ముందే తీయకండి.

ఇంటి వరండాలో గూడు కడితే నేల మీద రెట్ట పడుతుందని కొందరు కర్రతో పొడిచేస్తారు. గూటికి రెండడుగుల కింద ఓ చెక్కపలక బిగిస్తే ఆ గొడవే ఉండదు. కూజా గూడైతే ఊరపిచ్చుకలు ఆక్రమించే వీలుంది. గొట్టం మూతిలోంచి గడ్డిపోచలు వేలాడుతుంటే లోపల ఉన్నది పిచ్చుక కుటుంబమని తెలుసుకోండి. వాటిని వెళ్లగొట్టకండి, స్వాలోలు ఇంకోటి కట్టుకుంటాయి.

గూడు ఊడిపడితే

లారీల అదురుకో, తొలకరి జల్లులకి స్లాబు చెమర్చో గూడు పిల్లలతో సహా ఊడిపడటం జరుగుతుంది. మనిషి ముట్టుకుంటే తల్లి రాదన్న మాట నమ్మకండి, ధైర్యంగా తీయొచ్చు. కోనసీమలో కొబ్బరి చిప్పకి కరువు లేదు. పెద్ద కాయ చిప్ప తీసుకుని, అడుగున రెండు చిల్లులు పెట్టి, లోపల ఎండుగడ్డి, నాలుగు ఈకలు పరవండి. పాత గూడు ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా, అదే ఎత్తులో, కదలకుండా తీగతో బిగించి పిల్లల్ని అందులో పెట్టండి. అన్నం, పాలు, నీళ్లు నోట్లో పోయకండి. వాటికి గాలిలో పట్టిన పురుగులు తప్ప ఏవీ పడవు. నోట్లో పోసిన నీళ్లు ఊపిరిలోకి పోయి చచ్చిపోతాయి. తర్వాత ఎదుటి గట్టుకి వెళ్లి గంటసేపు చూడండి. మొదట పెద్దవి రెండూ పాత మరక దగ్గరే రెక్కలాడిస్తూ తచ్చాడతాయి. పిల్లలు అరిస్తే చిప్ప వైపు తిరుగుతాయి. ఒకటి వాలి మేత పెట్టిందంటే ఇక మీరు ఇంటికి పోవచ్చు. గంట దాటినా ఏదీ దగ్గరికి రాకపోతే చిప్పని పాత మరకకి ఇంకాస్త దగ్గరగా జరిపి మళ్లీ చూడండి.